వాసన పసిగట్టడంలో వాయువుల పాత్ర: మన కణాల్లోనే పుట్టే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఏమి చేస్తాయి?

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. వాసన తెలియడానికి తోడ్పడే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మన కణాల్లోనే తయారవుతాయని మీరు చదివారు, అది నిజమా? కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసే విషం కదా, అది ముక్కులో ఎందుకు ఉంటుంది? గదిలోకి వెళ్ళిన కొద్ది నిమిషాలకే అక్కడి వాసన తెలియకుండా పోవడానికీ వీటికీ సంబంధం ఉందా? వైరల్ జ్వరం తర్వాత వాసన కోల్పోయిన మీ అమ్మగారు భ్రామరి ప్రాణాయామం చేసి నైట్రిక్ ఆక్సైడ్ పెంచుకుంటే వాసన తిరిగి వస్తుందా? నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధిస్తాను. అంతకుముందు చాలా ఏళ్ళు ఘ్రాణ నాడీకణాల విద్యుత్ స్పందనలను నమోదు చేసే పనిలో ఉన్నాను. నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి కాస్త విస్తరించే రాస్తాను.

అసలు సంగతి ముందే చెబుతాను. ముక్కు దగ్గరకు వచ్చింది మల్లెపూవా, ఇంగువా అని తేల్చే పని ఈ వాయువులది కాదు, గ్రాహకాలది. ఆ వాసనకు ఎంత గట్టిగా స్పందించాలి, ఎంతసేపు స్పందించాలి, దాన్ని జ్ఞాపకంలో ఉంచుకోవాలా వద్దా అన్న మూడు విషయాల్లో వాయువులు జోక్యం చేసుకుంటాయి. వీటిలో జ్ఞాపకం విషయంలో ఆధారాలు చాలా గట్టిగా ఉన్నాయి, స్పందన తగ్గే విషయంలో బాగానే ఉన్నాయి. పత్రికల్లోనూ వీడియోల్లోనూ కనిపించే చికిత్స మాటలకు మాత్రం ఈ శాస్త్రంలో ఆధారం లేదు.

మామూలుగా వాసన తెలిసే దారి ఇది. ముక్కు లోపల పైభాగాన జిగురు పొర కింద లక్షల సంఖ్యలో ఘ్రాణ నాడీకణాలు ఉంటాయి. వాటి కొసన ఉన్న సన్నని కేశాలు ఆ జిగురులో తేలుతూ ఉంటాయి. ఆ కేశాల మీదే వాసన గ్రాహకాలు ఉంటాయి. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ఈ గ్రాహకాల జన్యు కుటుంబాన్ని కనుగొన్నారు, 2004లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మనిషిలో పనిచేసే రకాలు సుమారు 400. వాసన అణువు గ్రాహకానికి అంటుకోగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు తయారవుతుంది. అది కణం పొరలోని అయాన్ ద్వారాలను తెరుస్తుంది. సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి, ఆ కాల్షియం వల్ల క్లోరైడ్ బయటికి పోతుంది, కణంలో విద్యుత్ సంకేతం పుట్టి మెదడు ముందుభాగాన ఉన్న ఆల్ఫాక్టరీ బల్బ్‌కు చేరుతుంది. ఈ ద్వారాన్ని గుర్తుంచుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే సైక్లిక్ ఏఎంపీకి దగ్గరి బంధువైన సైక్లిక్ జీఎంపీ కూడా ఇదే ద్వారాన్ని తెరవగలదు. ఇంకా చెప్పాలంటే, తక్కువ మోతాదులోనే తెరవగలదు.

ఇక వాయువుల సంగతి. మామూలు నాడీ సందేశ రసాయనాలను కణం చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటుంది, అవసరమైనప్పుడు వదులుతుంది, పక్క కణం మీద ఉన్న గ్రాహకం వాటిని అందుకుంటుంది. వాయువును సంచిలో దాచడం కుదరదు. అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. తయారైన మరుక్షణం అది నాలుగు వైపులా వ్యాపిస్తుంది. వంటింట్లో వేసిన పోపు ఘాటు తలుపులు మూసినా పక్కింటికి చేరినట్టు, కణాల పొరలు దానికి అడ్డు కావు. తయారుచేసిన కణానికి ముందు ఉన్నవాటికీ, వెనక ఉన్నవాటికీ, తనకూ అది సందేశమే. నైట్రిక్ ఆక్సైడ్ కొద్ది సెకన్లలోనే మాయమవుతుంది కాబట్టి ఆ సందేశం దగ్గరివాళ్ళకే అందుతుంది. అందుకునే చోటు కణం ఉపరితలం మీద ఉండదు, లోపల ఉంటుంది: గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైములో హీమ్ ఉంటుంది, వాయువు ఆ హీమ్‌లోని ఇనుముకు అంటుకుంటుంది, ఎంజైము చురుకై సైక్లిక్ జీఎంపీని తయారుచేస్తుంది. రక్తనాళాల్లో ఈ ఏర్పాటును వెలికి తీసినందుకే రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998 నోబెల్ దక్కింది. మెదడులోనూ నైట్రిక్ ఆక్సైడ్ ఇదే పని చేస్తుందని జాన్ గార్త్‌వెయిట్ బృందం 1988లో చూపించింది.

కార్బన్ మోనాక్సైడ్ విషమే. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అది హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కానీ ఆ విషాన్ని మన శరీరం ప్రతి క్షణం తయారుచేస్తూనే ఉందని స్వీడన్ శాస్త్రవేత్త షోస్ట్రాండ్ 1940ల చివర్లోనే చూపించాడు. పాతబడిన ఎర్ర రక్తకణాల్లోని హీమ్‌ను హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైము విడగొడుతుంది. అప్పుడు మూడు వస్తాయి: ఇనుము, బిలివర్డిన్ అనే ఆకుపచ్చని పదార్థం, కార్బన్ మోనాక్సైడ్. దెబ్బ తగిలి కమిలిన చోట చర్మం నాలుగు రోజులకు పచ్చబారడం మీరు చూసే ఉంటారు. ఆ రంగు ఈ ఎంజైము పనే. ఆ రంగుతో పాటే అక్కడ కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడ్ కూడా పుట్టింది. పొగ తాగని మనిషి రక్తంలో కూడా సుమారు 1 శాతం హీమోగ్లోబిన్ ఈ వాయువుతో కూడి ఉండటం మామూలే. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నప్పుడు అది పదుల శాతానికి చేరుతుంది, అప్పుడు ప్రాణం పోతుంది. నాడీకణం లోపల సంకేతంగా పనిచేసే మోతాదుకూ దీనికీ పోలికే లేదు.

హీమ్ ఆక్సిజనేజ్‌లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి ఒత్తిడి, గాయం, వేడి తగిలినప్పుడు పెరిగేది. రెండోది, అంటే హీమ్ ఆక్సిజనేజ్-2, మెదడులో ఎప్పుడూ ఉండేది. ఎర్ర రక్తకణాలను విరగ్గొట్టే పని ప్లీహానిది, కాలేయానిది. మరి ఈ రెండో రకం మెదడులో అంత ఎక్కువగా ఎందుకు ఉంది? ఈ ప్రశ్న నుంచే మన కథలోని ముఖ్య ఘట్టం మొదలైంది.

అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో సాలమన్ స్నైడర్ ప్రయోగశాల అప్పటికే మెదడులో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము ఎక్కడెక్కడ ఉందో పటం గీసింది. ఆ పటంలో ఒక చిక్కు కనిపించింది. గ్వానిలేట్ సైక్లేజ్ ఉన్న చోటల్లా నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైము లేదు. పెద్దయిన జంతువుల ఘ్రాణ నాడీకణాలు అలాంటి చోట్లలో ఒకటి. అక్కడ సైక్లిక్ జీఎంపీ తయారవుతూనే ఉంది, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము మాత్రం కనబడదు. అయితే అక్కడ గ్వానిలేట్ సైక్లేజ్‌ను లేపుతున్నది ఎవరు? అజయ్ వర్మ, గాబ్రియేల్ రోనెట్, స్నైడర్, వారి సహచరులు 1993లో సైన్స్ పత్రికలో ఇచ్చిన జవాబు కార్బన్ మోనాక్సైడ్. హీమ్ ఆక్సిజనేజ్-2 పటాన్ని గీసి చూస్తే అది గ్వానిలేట్ సైక్లేజ్ పటం మీద చక్కగా కూర్చుంది. ఘ్రాణ నాడీకణాలు, ఆల్ఫాక్టరీ బల్బ్, చిన్న మెదడు, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగం, అన్నిటిలోనూ అంతే. గాజు పాత్రలో పెంచిన ఘ్రాణ నాడీకణాల మీద హీమ్ ఆక్సిజనేజ్‌ను అడ్డుకునే జింక్ ప్రోటోపోర్ఫిరిన్ వేస్తే సైక్లిక్ జీఎంపీ పడిపోయింది. వాయు సందేశం అన్న ఆలోచన ఒక్క నైట్రిక్ ఆక్సైడ్‌తో ఆగిపోదని తేలడానికి ఘ్రాణ కణాలు సాక్ష్యం చెప్పాయి. నా దృష్టిలో ఆ దశకంలో నాడీశాస్త్రంలో వచ్చిన అందమైన పరిశోధనల్లో ఇది ఒకటి. ఆ తర్వాత 1995లో తకాషి ఇంగి, రోనెట్ ఈ కణాలు నిజంగానే కార్బన్ మోనాక్సైడ్‌ను విడుదల చేస్తున్నాయని కొలిచి చూపించారు.

మరి ఆ సైక్లిక్ జీఎంపీ ఏమి చేస్తుంది? దీనికి జవాబు ట్రెసె లైండర్స్-జుఫాల్, ఫ్రాంక్ జుఫాల్ దంపతుల పనిలో దొరికింది. వారు వాడింది సాలమాండర్ అనే ఉభయచర జీవి. దాని ఘ్రాణ కణాలు పెద్దవి కాబట్టి ఒక్కొక్క కణంలోని విద్యుత్ ప్రవాహాన్ని కొలవడం సులువు. ఒక కణానికి వాసనను క్షణకాలం చూపించి, కొంచెం ఆగి మళ్ళీ అదే వాసనను చూపిస్తే రెండోసారి స్పందన తగ్గుతుంది. ఈ తగ్గుదల సెకన్లలో సర్దుకునే రకం ఒకటి ఉందని అందరికీ తెలుసు. 1997లో వారు చూపించింది వేరే రకం: ఒక్కసారి కొద్దిసేపు వాసన తగిలినా, కణం సున్నితత్వం చాలా నిమిషాల పాటు తగ్గే ఉంటుంది. హీమ్ ఆక్సిజనేజ్‌ను అడ్డుకునే మందులు వేస్తే ఈ దీర్ఘకాలపు తగ్గుదల మాయమైంది, సెకన్లలో సర్దుకునే తగ్గుదల మాత్రం అలాగే ఉంది. రెండూ వేర్వేరు యంత్రాంగాలని ఆ ఒక్క ప్రయోగంతో స్పష్టమైంది.

కార్యకారణాలు ఇలా ఉంటాయి. వాసన తగలగానే కణంలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, దానితో సైక్లిక్ జీఎంపీ నెమ్మదిగా పెరిగి నిమిషాల పాటు నిలుస్తుంది. అది నేను గుర్తుంచుకోమన్న అయాన్ ద్వారాల్లో కొన్నిటిని సన్నగా తెరిచి ఉంచుతుంది. వాటి గుండా కాల్షియం కొద్దికొద్దిగా లోపలికి కారుతూ ఉంటుంది. ఆ కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రోటీనుతో కలిసి, తమను తెరిచే అణువుల మీద అదే ద్వారాలకు ఉన్న పట్టును సడలిస్తుంది, అంటే తర్వాత వచ్చే సైక్లిక్ ఏఎంపీకి అవి అంత సులువుగా తెరుచుకోవు. ద్వారాన్ని తెరిచే అణువే చివరికి దాన్ని మొండిగా మారుస్తుందన్నమాట. మొదటిసారి విన్నప్పుడు విద్యార్థులు ఇక్కడ తడబడతారు, అది సహజమే. ఎక్కువగా తెరిస్తే సంకేతం పుడుతుంది, సన్నగా ఎక్కువసేపు తెరిచి ఉంచితే సున్నితత్వం తగ్గుతుంది. తేడా అంతా మోతాదులోనూ కాలంలోనూ ఉంది.

ఈ వాదన మీద వచ్చిన అభ్యంతరాలు కూడా మీకు తెలియాలి. ప్రోటోపోర్ఫిరిన్ రకం మందులు హీమ్ ఆక్సిజనేజ్‌నే కాక, గ్వానిలేట్ సైక్లేజ్‌నూ నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైమునూ కూడా కొంత అడ్డుకుంటాయని 1994లోనే ఇతర బృందాలు చూపించాయి. కాబట్టి ఆ మందు వేయగానే సైక్లిక్ జీఎంపీ తగ్గిందంటే దానికి కారణం కార్బన్ మోనాక్సైడ్ లేకపోవడమే అని ఒక్క ఆధారంతో తీర్పు చెప్పలేం. ఇంకో అభ్యంతరం బలానికి సంబంధించింది. నైట్రిక్ ఆక్సైడ్ గ్వానిలేట్ సైక్లేజ్‌ను వంద రెట్లకు పైగా చురుకు చేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు రెట్లే చేస్తుంది. నా అభిప్రాయం ఏమిటంటే, ఎంజైము ఉన్న చోటు, వాయువు కొలత, విద్యుత్ స్పందన మూడూ ఒకే వైపు చూపుతున్నాయి కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ పాత్రను ఒప్పుకోవాలి. ఘ్రాణ కణం లాంటి చోట నాలుగైదు రెట్లు చాలు కూడా, ఎందుకంటే అక్కడ కావలసింది ద్వారాన్ని సన్నగా తెరవడమే.

మీ మూడో ప్రశ్నకు ఇప్పుడు సూటిగా జవాబు చెప్పవచ్చు. గదిలో అగరుబత్తి వాసన కొద్ది నిమిషాలకు తెలియకుండా పోవడంలో ఈ వాయువుకు వాటా ఉండగలదు, మొత్తం దానిదే కాదు. కణంలో సెకన్ల స్థాయిలో జరిగే సర్దుబాటు ఒకటి, వాయువు వల్ల నిమిషాల పాటు ఉండేది ఇంకొకటి, ఇవి రెండూ ముక్కులోనే జరుగుతాయి. వీటికి పైన మెదడు ఉంది. మారకుండా వస్తున్న వాసనను పిరిఫార్మ్ కార్టెక్స్ అనే భాగం పక్కన పెట్టేస్తుంది. ముక్కు నుంచి సంకేతం ఇంకా వస్తూనే ఉన్నా మనకు ధ్యాస ఉండదు. బయటికి వెళ్ళి కాసేపటికి తిరిగి వస్తే మళ్ళీ గుప్పుమని తెలియడం వీటన్నిటి కలయికే.

పెద్దయిన ఘ్రాణ కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైము లేదన్నాను కదా. పిండదశలో మాత్రం ఉంటుంది. జేన్ రోస్కమ్స్ బృందం 1994లో చూపించినట్టు, ఎదుగుతున్న ఘ్రాణ కణాల్లోనూ, దెబ్బతిన్న తర్వాత కొత్తగా పుట్టుకొస్తున్న కణాల్లోనూ అది కనబడుతుంది, కణం ముదిరి బల్బ్‌తో సంబంధం కుదుర్చుకున్నాక తగ్గిపోతుంది. జీవితాంతం కొత్త కణాలను పుట్టించుకునే అరుదైన నాడీకణజాలం మన ముక్కులోది. ఆ పెరుగుదలలో ఈ వాయువుకు పని ఉంది. ఇంకొక సంగతి: మేరీ-క్రిస్టీన్ బ్రోయే, స్టువర్ట్ ఫైర్‌స్టీన్ 1996లో కణం నుంచి వేరుచేసిన పొరముక్కల మీద పనిచేసి, నైట్రిక్ ఆక్సైడ్ సైక్లిక్ జీఎంపీతో పని లేకుండానే ఆ ద్వారం మీది గంధక భాగాలకు అతుక్కుని దాన్ని తెరవగలదని చూపించారు. రసాయనంగా చక్కని పని, కానీ బతికిన జంతువు వాసన చూస్తున్నప్పుడు దానికి ఎంత ప్రాధాన్యం ఉందన్న చోట నేను దానిమీద ఎక్కువ భారం వేయను.

ఇక గొర్రెల సంగతి. ఈ విషయంలో నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది అదే.

ఈనిన గొర్రె రెండు గంటల లోపే తన పిల్ల వాసనను నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఆ పిల్లకు తప్ప వేరే పిల్లకు పాలు ఇవ్వదు, దగ్గరకు వస్తే తలతో కుమ్మి తరుముతుంది. బ్రిటన్‌లో గొర్రెల పెంపకందార్లు తల్లి లేని పిల్లను వేరే గొర్రెకు అలవాటు చేయడానికి, ఆ గొర్రెకు పుట్టి చనిపోయిన పిల్ల చర్మాన్ని దీనికి తొడిగేవారు. తల్లి ముక్కును ఒప్పించడం అంటే తల్లిని ఒప్పించడమే. కేంబ్రిడ్జ్ దగ్గర ఉన్న బేబ్రహాం ఇన్‌స్టిట్యూట్‌లో కీత్ కెండ్రిక్, ఎరిక్ కెవర్న్, ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెడెరిక్ లెవీ లాంటివాళ్ళు ఈ గొర్రెల ఆల్ఫాక్టరీ బల్బ్‌లో ఏమి మారుతుందో చాలా ఏళ్ళు వెతికారు. ముక్కు నుంచి వచ్చిన సంకేతాన్ని మెదడులోని మిగతా భాగాలకు పంపేవి బల్బ్‌లోని మైట్రల్ కణాలు. ఈనకముందు అవి ఎక్కువగా మేత వాసనలకు స్పందిస్తాయి, పిల్ల వాసనను పట్టించుకోవు. ఈనిన తర్వాత వాటిలో చాలా కణాలు పిల్ల వాసన వైపు మళ్ళుతాయి. ప్రసవ సమయంలో జననమార్గం సాగడం వల్ల మెదడులో నోర్ఎడ్రినలిన్ అనే సందేశ రసాయనం విడుదలై ఈ మార్పుకు తలుపు తీస్తుంది.

బల్బ్‌లో మైట్రల్ కణానికీ దాన్ని అదుపు చేసే గ్రాన్యూల్ కణానికీ మధ్య సంబంధం రెండు వైపులా ఉంటుంది: మైట్రల్ కణం గ్లూటమేట్ అనే సందేశ రసాయనాన్ని వదిలి గ్రాన్యూల్ కణాన్ని ప్రేరేపిస్తుంది, అది తిరిగి మైట్రల్ కణాన్ని అణచుతుంది. ఈ కూడలిలో వెనక్కి వెళ్ళే సందేశం నైట్రిక్ ఆక్సైడ్. గ్లూటమేట్ అందగానే అది పుట్టి, వ్యాపించి, గ్లూటమేట్ విడుదలను ఇంకా పెంచుతుంది. ఏ కూడలులు అప్పుడు చురుగ్గా ఉన్నాయో అవే బలపడతాయి. 1997లో కెండ్రిక్ బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం దీన్ని పరీక్షకు పెట్టింది. ఈనిన గొర్రెల బల్బ్‌లో నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైమును అడ్డుకుంటే పిల్ల వాసన జ్ఞాపకం ఏర్పడలేదు. ఎంజైమును అడ్డుకున్నా, బయటి నుంచి బల్బ్‌లోకి నైట్రిక్ ఆక్సైడ్ అందిస్తే జ్ఞాపకం ఏర్పడింది. జ్ఞాపకం ఒకసారి స్థిరపడ్డాక ఎంజైమును అడ్డుకున్నా గొర్రె తన పిల్లను గుర్తుపట్టింది. తీసేస్తే పోవడం, తిరిగి ఇస్తే రావడం, ముందు నేర్చుకున్నదానికి భంగం లేకపోవడం: ఒక అణువు పాత్రను నిరూపించడానికి మూడూ కావాలి. ఇక్కడ మూడూ ఉన్నాయి. పైగా ఇది పాత్రలో పెంచిన కణాల్లో కాదు, తల్లీపిల్లల మధ్య చూపించిన సంగతి. నేను ఏటా విద్యార్థులకు ఈ ప్రయోగాన్ని చెప్పేది అందుకే.

ఈ ఏర్పాటు ఎంత పాతదో తెలుసుకోవాలంటే గుల్ల లేని నేల నత్తను చూడాలి. అలన్ గెల్పెరిన్ పరిశోధించిన లైమాక్స్ అనే నత్తలో వాసనలను పరిశీలించే మెదడు భాగం ఎప్పుడూ ఒక నెమ్మది లయలో కొట్టుకుంటూ ఉంటుంది. వాసన తగిలితే ఆ లయ మారుతుంది. ఆ లయను నిలబెడుతున్నది నైట్రిక్ ఆక్సైడ్ అని 1994లోనూ, కార్బన్ మోనాక్సైడ్ కూడా దాన్ని మారుస్తుందని 2000లోనూ ఆయన బృందం చూపించింది. అదే గెల్పెరిన్ తర్వాత ఎలుకల బల్బ్‌లో వాసన తగిలినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ పెరగడాన్ని నేరుగా కొలిచిన పనిలోనూ ఉన్నాడు. తేనెటీగల్లో ఉలి మ్యూలర్ 1996లో చూపించిన సంగతి గొర్రెల కథకు దగ్గరగా ఉంటుంది: వాసననూ తీపినీ జతచేసి పలుమార్లు నేర్పినప్పుడు, నైట్రిక్ ఆక్సైడ్‌ను అడ్డుకుంటే దీర్ఘకాలిక జ్ఞాపకం దెబ్బతింటుంది, అప్పటికప్పటి జ్ఞాపకం మాత్రం నిలుస్తుంది. నత్త, తేనెటీగ, గొర్రె ఒకదానికొకటి ఎంత దూరమో ఆలోచించండి.

చాలామంది కలిపేసే రెండు విషయాలను ఇక్కడ విడదీయాలి. కణం లోపల సందేశంగా పుట్టే వాయువు వేరు, బయటి నుంచి ముక్కుకు తగిలే వాయువు వేరు. కానీ ఎలుక ముక్కులో ఈ రెండిటి దారులు కలిసే ఒక చోటు ఉంది. అక్కడ కొన్ని ప్రత్యేక ఘ్రాణ కణాలు సైక్లిక్ ఏఎంపీని వదిలేసి సైక్లిక్ జీఎంపీతోనే పనిచేస్తాయి. వాటిలో గ్వానిలేట్ సైక్లేజ్-డి అనే ఎంజైము ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఈ కణాల్లో బైకార్బనేట్‌గా మారి ఆ ఎంజైమును లేపుతుంది. 2007లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఎలుకలు 0.066 శాతం కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పసిగట్టగలవు. అప్పటి గాలిలో సహజంగా ఉన్నది 0.038 శాతం. అదే కణాలు ఎలుక శ్వాసలో ఉండే కార్బన్ డైసల్ఫైడ్‌ను కూడా పట్టుకుంటాయి. ఒక ఎలుక ఏదో తిని వచ్చినప్పుడు ఇంకో ఎలుక దాని మూతి వాసన చూస్తుంది, శ్వాసలోని కార్బన్ డైసల్ఫైడ్‌తో కలిసి వచ్చిన ఆహారపు వాసనను నమ్ముతుంది, తర్వాత ఆ ఆహారాన్నే ఎంచుకుంటుంది. బతికి ఉన్న తోటి ఎలుక తిన్నది కాబట్టి ప్రమాదం లేదని దాని లెక్క. ఆ ఎంజైము లేని ఎలుకలు ఇలా నేర్చుకోలేవని స్టీవెన్ మంగర్ బృందం 2010లో చూపించింది. మనుషుల్లో ఆ జన్యువు పాడై మిగిలిపోయింది కాబట్టి మనకు ఈ శక్తి లేదు. మన శ్వాసలోని సుమారు 4 శాతం కార్బన్ డయాక్సైడ్‌ను దోమలు వేరే రకం గ్రాహకాలతో పసిగట్టి మన దగ్గరకు వస్తాయి.

హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది కూడా మన మెదడులో కొద్దిగా తయారయ్యే వాయువే. కజుహో అబే, హిడియో కిమురా 1996లో దీన్ని మూడో వాయు సందేశంగా ప్రతిపాదించారు. ఘ్రాణశక్తిలో దాని అంతర్గత పాత్ర గురించి చెప్పుకోదగ్గ పని తక్కువే. బయటి నుంచి వచ్చినప్పుడు మాత్రం అది భయంకరం. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే ఈ వాయువును మన ముక్కు వంద కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా పట్టుకుంటుంది. పది లక్షల భాగాల్లో 100 దాటితే కొద్ది నిమిషాల్లో వాసన తెలియడమే ఆగిపోతుంది. 700 దాటితే మనిషి చూస్తుండగానే కుప్పకూలిపోతాడు. మూత తీసిన మ్యాన్‌హోల్ దగ్గర మొదట వాసన వచ్చి తర్వాత పోయిందంటే లోపల వాయువు పోయిందని అర్థం కాదు, ముక్కు పనిచేయడం మానేసిందని అర్థం. మురుగు కాలువల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 చట్టం నిషేధించింది, అయినా మరణాలు ఆగలేదు. అక్కడ ముక్కును నమ్మకూడదు, కొలిచే పరికరం కావాలి. దించే ప్రతి కాంట్రాక్టరుకూ ఇది తెలిసి ఉండాలి, తెలియదంటే ఒప్పుకోకూడదు.

ఇప్పుడు భ్రామరి. ఈ మాటకు మూలం నిజమైనదే. ముక్కు చుట్టూ ఉన్న ఎముక గదుల్లో, అంటే సైనస్‌లలో, నైట్రిక్ ఆక్సైడ్ చాలా ఎక్కువగా తయారవుతుందని స్వీడన్‌లో యోన్ లుండ్‌బర్గ్, ఎడ్డీ వైట్జ్‌బర్గ్ 1995లో చూపించారు. భ్రామరిలో లాగా నోరు మూసుకుని హమ్మని గుంజారవం చేస్తే ఆ కంపనానికి సైనస్‌లలోని గాలి బయటికి వచ్చి, ముక్కు నుంచి వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ సుమారు 15 రెట్లు పెరుగుతుందని 2002లో వారే చూపించారు. ఇంతవరకు శాస్త్రం. అది పోయిన వాసనను తిరిగి తెస్తుందన్నది మాత్రం దాని మీద అతికించిన మాట. వదిలే గాలిలో వాయువు పెరగడం ఒకటి, బల్బ్‌లోని ఒక కూడలిలో సరైన క్షణంలో, మైక్రోమీటర్ల దూరంలో, అతి కొద్ది మోతాదులో అది పుట్టడం ఇంకొకటి. సందేశం విలువ అది పుట్టిన చోటులోనూ వేళలోనూ ఉంది. అన్ని చోట్లా ఒకేసారి పెంచితే సందేశం ఉండదు. దీనికి మనుషుల్లోనే ఒక ఉదాహరణ ఉంది. సైక్లిక్ జీఎంపీ విరిగిపోకుండా ఆపే సిల్డెనాఫిల్ మందును జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చి పరీక్షించారు. 2007లో ప్రచురించిన ఫలితాల్లో 100 మిల్లీగ్రాముల మోతాదు తర్వాత వారి ఘ్రాణశక్తి తగ్గింది. ముక్కు లోపలి పొర ఉబ్బడం కూడా దానికి కొంత కారణం కావచ్చు. ఏమైనా, ఈ దారిని బలంగా తోస్తే వాసన మెరుగవుతుందన్న ఊహకు ఇది వ్యతిరేకంగానే ఉంది. భ్రామరి మీ అమ్మగారికి ప్రశాంతతను ఇస్తుంటే తప్పకుండా చేయనివ్వండి. వాసన కోసం దాని మీదే ఆధారపడవద్దు. ఇక నైట్రిక్ ఆక్సైడ్ పెంచుతామని అమ్మే స్ప్రేలు, పొడుల మీద డబ్బు పెట్టవద్దు.

ఆమెకు నిజంగా చేయదగినవి ఉన్నాయి. వైరల్ జ్వరాల తర్వాత, ముఖ్యంగా కోవిడ్ తర్వాత, ఎక్కువగా దెబ్బతినేది ఘ్రాణ నాడీకణాల చుట్టూ ఆసరాగా ఉండే కణాలు. నాడీకణాలు మళ్ళీ పుట్టుకొచ్చే శక్తి ముక్కుకు ఉంది కాబట్టి ఆశ వదులుకోనక్కరలేదు. ముందు చెవి ముక్కు గొంతు వైద్యులకు చూపించి పాలిప్‌లు (ముక్కులో పెరిగే మెత్తని కండలు), సైనస్ జబ్బు లాంటివి లేవని తేల్చుకోండి. తర్వాత వాసన సాధన మొదలుపెట్టించండి. థామస్ హమ్మెల్ బృందం 2009లో పరీక్షించిన పద్ధతి చాలా సులభం: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, ఉదయం, రాత్రి, ఒక్కొక్కటి కొద్ది సెకన్ల పాటు ధ్యాసపెట్టి చూడాలి. 12 వారాలు చేసినవారిలో చేయనివారికంటే మెరుగుదల కనిపించింది. ఓపిక కావాలి, నెలలు పట్టవచ్చు. లవంగం మన వంటింట్లోనే ఉంటుంది, నిమ్మతొక్క ఉంటుంది, నీలగిరి తైలం మందుల దుకాణంలో దొరుకుతుంది. చూస్తున్నప్పుడు ఆ వాసన పూర్వం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోమని చెప్పండి.

వాసన తిరిగి వచ్చేవరకు ఇంట్లో భద్రత గురించి ఆలోచించండి. వంటగ్యాసుకు సొంత వాసన లేదు, లీకైతే తెలియడానికే ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. ఆమెకు అది తెలియదు కాబట్టి వంటింట్లో గ్యాస్ డిటెక్టరు పెట్టించండి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, నేల మీద పరుచుకుంటుంది, కాబట్టి ఆ పరికరాన్ని గోడ పైభాగాన కాకుండా నేలకు దగ్గరగా బిగించమని చెప్పండి. స్నానాలగదిలో గ్యాస్ గీజరు ఉంటే దాన్ని గది బయట గాలి ఆడే చోటికి మార్పించండి. మంట సరిగా మండనప్పుడు దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను ఆరోగ్యంగా ఉన్న ముక్కు కూడా పసిగట్టలేదు.